జె నొక్కితే లోడ్

ఆరు పౌండ్లు. డండీలో, ఆసుపత్రి సహాయ దుకాణంలో,
ముక్కలు తగ్గిన జిగ్సా డబ్బాల కింద దొరికింది.
పెట్టె మూల తడిసి ఉబ్బింది.
"పనిచేస్తుందో లేదో చెప్పలేం" అంది గల్లా దగ్గరి పిల్ల.
నేను చెప్పగలను, అనలేదు.

మూడేళ్ళు ఇవే చేశాను.
టే నది మీది పొగమంచు కిటికీలకు ఆనుకునే ఉదయాల్లో
నాలుగో బెంచీ, ఎడమ నుంచి రెండో స్టూలు,
సీసం వాసన,
పక్కన మురియెల్ ఎవరి పెళ్ళి ఎందుకు తప్పిందో చెబుతుంటే
పలకకి పదకొండు టంకాలు.
ఎన్ని వేల పలకలో,
ఒక్కదాన్నీ వెలిగించి చూడలేదు.
వండేవాళ్ళకి ఆకలుండదంటారు గానీ,
దాని ధర నాకు రెండు వారాల జీతం, అంతే.

ఇప్పుడు వంటింటి బల్ల మీద పెట్టాను.
నానిన బఠాణీల్లా మెత్తటి మీటలు.
పాత టీవీ గుండీ తిప్పి తిప్పి
ఇసుక వాన, ఇసుక వాన,
ముప్ఫయ్యారో ఛానెల్ దగ్గర తెర తెల్లబడింది.
అడుగున ఒకే వరుస: కంపెనీ పేరు, పంతొమ్మిది వందల ఎనభై రెండు.
అప్పుడు నాకు ఇరవైతొమ్మిది,
అడగకుండానే చెప్పాను దానికి.

అక్షరాలు కూడబలుక్కోనక్కర్లేదట,
జె నొక్కితే లోడ్.
నొక్కాను. మాట మొత్తం వచ్చి కూర్చుంది
పిలవని చుట్టంలా.
దాని పక్కన రెండు కొటేషన్ గుర్తులు, మధ్యలో ఏమీ లేకుండా.
అంటే, ఏది దొరికితే అది తెమ్మని.
ఇంత నమ్మకంగా నేనెవర్నీ ఏదీ అడగలేదు.

క్యాసెట్లు నాలుగు.
మొదటిది విమానాల ఆట. కీచుమంది.
తెర అంచున ఎరుపు చారలు, తర్వాత నీలం, పసుపు
ఎగబాకి ఎగబాకి
ఐదు నిమిషాలు ఊపిరి బిగబట్టిస్తే
"టేప్ లోడింగ్ ఎర్రర్".
రెండోది చదరంగం. అదే మాట.
పై ఫ్లాటు ఫెర్గస్ చీపురు కర్రతో నేల మీద తట్టాడు.
వాల్యూం ముప్పాతికకి తెచ్చాను.
కళ్ళద్దాల స్క్రూడ్రైవరుతో
టేపు తల పక్కని చిన్న మరని కదిపాను,
చుట్టు కాదు, వెంట్రుకవాసి.
బొంగురు పోయి గొంతు సూదిలా సన్నబడే చోట
చెవి ఆపమంది.
చేతులకి గుర్తుంది. నాకంటే నయం.

మూడోది ఖాళీ.
నాలుగోదాని మీద పెన్సిలుతో
"లాక్లన్‌ది. ముట్టుకుంటే చంపుతా."
ముట్టుకున్నాను.
మొదటిసారికే ఎక్కింది.
"సంకేతపదం?" అంది నల్లటి తెర.
వాళ్ళ కుక్క పేరు నాకేం తెలుసు?
పుస్తకం తిరగేస్తే, ముందు ఆపు, తర్వాత కె నొక్కు, అదే లిస్టు.
కడుపులో ఉన్నదంతా వరుస నంబర్లతో కక్కేసింది.
ఇరవయ్యో వరుసలో, సంకేతపదం: హాడక్ చేప.
తాళం వేసి చెవి గుమ్మానికే వేలాడదీశాడు పిల్లాడు.

లోపల అప్పుల పద్దు.
గోర్డీ, ఇరవై పెన్నీలు.
నీల్, రెండు కామిక్కులు, ఒకటి చిరిగింది.
చెల్లెలు షోనా, ఒక క్షమాపణ.
ఏదీ కొట్టేసిలేదు.

సరే, నా వంతు.
పది: ప్రింట్, కొటేషన్లలో ఇష్బెల్.
ఇరవై: గోటూ పది.
ఆర్ నొక్కితే తెరనిండా నేనే, ఇరవై రెండుసార్లు,
షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర నిలబడ్డట్టు.
అక్కడ ఆగి, అడుగున చిన్న అక్షరాల్లో
"స్క్రోల్?" అంది.

కరెంటు డబ్బా వేడెక్కింది. టీ చల్లారింది.
మురియెల్ పోయి ఆరేళ్ళు,
లేకపోతే ఈపాటికి ఫోనులో అరుస్తుండేదాన్ని.
ఎన్ నొక్కితే చాలిస్తుందట.
ఇంకే మీటైనా సాగిపోతుంది.
మీద చీపురు మళ్ళీ తట్టింది.

ఎన్ పక్కనే ఎం.